హైబ్రిడ్ కణాల పట్టికలో ఒక్క క్లోను కలవకపోతే ఎంజైమ్ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందని రాయాలి?

అమలాపురం నుంచి ఎమ్మెస్సీ చదివేవారు అడిగింది ఇదీ: మనిషి, చిట్టెలుక హైబ్రిడ్ క్లోన్లు (ఒక్కో హైబ్రిడ్ కణం నుంచి పెరిగిన గుంపులు) 12 ఉన్న పట్టిక ఇచ్చారు. పదకొండింటిలో ఎల్‌డీహెచ్-ఎ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్-ఎ) ఎంజైమూ మనిషి 11వ క్రోమోజోమూ ఉంటే రెండూ ఉన్నాయి, లేకపోతే రెండూ లేవు. ఒక్కదాంట్లో మాత్రం ఎంజైమ్ ఉంది, క్రోమోజోము లేదు. 11 అని రాయొచ్చా, ఆ క్లోన్ని వదిలెయ్యాలా?

వదిలెయ్యకండి. అసలు చూడాల్సింది ఆ క్లోన్నే.

మన జిల్లాల్లో హైబ్రిడ్ అనగానే మార్టేరు వరి సంకరాలు గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదండి. ఇక్కడ పుప్పొడీ అండమూ లేవు, రెండు శరీర కణాలు ఒకటైపోతాయి. ఆపైన విభజన జరిగేకొద్దీ మనిషి క్రోమోజోములు రాలిపోతుంటాయి, ఎలుకవి నిలుస్తాయి. 1967లో మేరీ వైస్, హోవర్డ్ గ్రీన్ చూపించింది ఇదే. ఏ క్లోన్లో ఏవి మిగులుతాయో చెప్పలేం కాబట్టే ఈ పద్ధతి పనికొస్తోంది: అన్ని క్లోన్లలోనూ ఎంజైముతో పాటే ఉండి, పాటే పోయే క్రోమోజోము మీదే దాని జన్యువు ఉన్నట్టు.

తయారీ: హెచ్‌పీఆర్‌టీ (హైపోక్సాంథిన్‌ని వాడుకోడానికి కావాల్సిన ఎంజైమ్) లేని ఎ9 లాంటి ఎలుక కణాలు, మనిషి ఫైబ్రోబ్లాస్టులు (చర్మం లాంటి చోట్ల దొరికే కణాలు) చెరో పది లక్షలు. సుమారు 50 శాతం పాలిథిలీన్ గ్లైకాల్ ఒక్క నిమిషం, వెంటనే సీరం లేని మీడియంతో నెమ్మదిగా పలచన. పాలిథిలీన్ గ్లైకాల్ ఎక్కువసేపుంటే కణాలు చచ్చిపోతాయి. మర్నాడు హ్యాట్ మీడియం: హైపోక్సాంథిన్ 100, అమినోప్టెరిన్ 0.4, థైమిడిన్ 16 మైక్రోమోలార్. దీంతో ఎలుక కణాలు పోతాయి. కలవకుండా మిగిలిన మనిషి కణాల్ని 1 మైక్రోమోలార్ ఊబైన్ చంపుతుంది; ఎలుక కణాలు దానికి వెయ్యి రెట్లు కూడా తట్టుకుంటాయి, హైబ్రిడ్ మధ్యస్థంగా ఉండి బతుకుతుంది. రెండు మూడు వారాల్లో కాలనీలు కనిపిస్తాయి. ఒక్కో డిష్ నుంచి ఒక్క కాలనీయే తీయాలి. ఒకే డిష్‌లో రెండు తీస్తే అవి అక్కచెల్లెళ్లు కావచ్చు, పట్టికలో ఒకే సాక్ష్యం రెండుసార్లు లెక్కకొస్తుంది.

హ్యాట్‌లో హైబ్రిడ్ కణాలు కూడా మాడిపోతుంటే మైకోప్లాస్మా (కల్చర్లలో చేరే చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించాలి. దాని ఎంజైమ్ మీడియంలోని థైమిడిన్‌ని తినేస్తుంది. ఎంజైముల్ని విడదీసి చూసే జెల్ మీద దాని సొంత ఎంజైముల బ్యాండ్లు రావడం ఇంకో తలనొప్పి.

ఇక మీ క్లోను సంగతి. ఎంజైమ్ ఉండి క్రోమోజోము కనిపించకపోవడానికి మామూలుగా మూడు కారణాలు. ఒకటి, క్రోమోజోము విరిగి, జన్యువున్న ముక్క ఎలుక క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది. జీ-11 రంగు వేస్తే, అంటే పీహెచ్ 11 దాటిన గీమ్సాలో, ఎలుకవి ముదురు ఊదాగా, మనిషివి లేత నీలంగా తేలతాయి. అతుకు అక్కడ దొరుకుతుంది. రెండు, క్రోమోజోము ఏ పది శాతం కణాల్లోనో ఉంది, మీరు చూసిన మెటాఫేజుల్లో (క్రోమోజోములు విడివిడిగా కనిపించే విభజన దశలోని కణాల్లో) తగల్లేదు. కనీసం 20, వీలైతే 30 లెక్కపెట్టాలి. మూడోదే ఎక్కువగా జరిగేది: ఎంజైమ్ ఒక వారం చూశారు, క్రోమోజోములు నెల తర్వాత చూశారు, ఈలోగా రాలిపోయింది. అందుకే ఒకే ఫ్లాస్కు నుంచి ఒకే రోజు మూడు వాటాలు తీయాలి: ఒకటి స్లయిడ్లకి, ఒకటి జెల్‌కి, ఒకటి నత్రజనిలో దాచడానికి.

ఈ మూడూ కాదని తేలాక కూడా ఆ క్లోను అలాగే నిలబడితే, 11 అన్నది కొట్టెయ్యాల్సిందే. పదకొండు క్లోన్లు కలిశాయన్న లెక్క దాన్ని కాపాడదు. ఎల్‌డీహెచ్-ఎ జన్యువు 11 మీదే ఉందని తేలిన విషయమే కాబట్టి మీ పరీక్షలో విరుపు అనో, తక్కువ శాతం అనో కారణం రాయండి.

ఇంకో మెలిక. హెచ్‌పీఆర్‌టీ లేని ఎలుక కణం వాడితే హ్యాట్‌లో మనిషి ఎక్స్ క్రోమోజోము ప్రతి క్లోన్లోనూ ఉంటుంది, ఆ ఎంజైమ్ జన్యువు ఎక్స్ మీదే ఉంది కాబట్టి అది ఉంటేనే బతుకుతాయి. కాబట్టి ఎక్స్ మీదే జన్యువున్న జీ6పీడీ ఎంజైమ్ ఎప్పుడూ ‘ఉంది’ అనే వస్తుంది. నిర్ధారణకి, హెచ్‌పీఆర్‌టీ ఉన్న కణాల్ని చంపే 6-థయోగ్వానిన్ పెట్టి ఎక్స్ పోయిన కణాల్ని ఏరాలి. ఎంజైమ్ కూడా పోతే జన్యువు ఎక్స్ మీదున్నట్టే. 17వ క్రోమోజోముకైతే దాని మీద జన్యువున్న థైమిడిన్ కైనేజ్, ఆ ఎంజైమున్న కణాల్ని చంపే బ్రోమోడీఆక్సీయూరిడిన్ జోడీతో ఇదే పని.

2ని ఐదుసార్లు గుణిస్తే 32 కాబట్టి 24 రకాల క్రోమోజోముల్ని విడదీయడానికి అయిదు క్లోన్లు చాలని గైడ్లలో రాస్తారు. అది కాగితం మీది లెక్క. క్రోమోజోములు మన కోరిక ప్రకారం రాలవు. 15, 20 క్లోన్లు లేనిదే నమ్మకంగా చెప్పలేం.

జెల్ గురించి. కణాల్ని సెలైన్‌తో రెండుసార్లు కడగాలి, లేదంటే సీరంలోని పశువు ఎంజైమ్ బ్యాండుగా వస్తుంది. 12 శాతం స్టార్చ్ జెల్, 4 డిగ్రీల్లో రాత్రంతా. మే నెలలో కరెంటు పోయే చోట జెల్ మీద ఐసు ట్రే పెట్టకపోతే బ్యాండ్లు అలుక్కుపోతాయి. రంగుకి లాక్టేట్, ఎన్ఏడీ, టెట్రజోలియం, పీఎంఎస్, పీహెచ్ 8, చీకట్లో 37 డిగ్రీలు. ఎల్‌డీహెచ్ నాలుగు తునకల ఎంజైమ్. హైబ్రిడ్‌లో మనిషి, ఎలుక తునకలు కలిసి అయిదు బ్యాండ్లొస్తాయి. పక్క లేన్లో రెండు జాతుల సారాన్ని గొట్టంలో కలిపి వెయ్యండి, అక్కడ రెండే వస్తాయి. మధ్య మూడూ ఉంటేనే ఒకే కణంలో రెండు జన్యువులూ పనిచేస్తున్నట్టు.

అదే జెల్‌ని వెలుతురులో వదిలేస్తే అంతా నీలమై, మధ్యలో తెల్ల గీతలు మిగులుతాయి. జెల్ పాడైందని పారేస్తుంటారు. ఆ తెల్ల గీతలు సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజువి. అందులో ఎస్ఓడీ-1 జన్యువు 21వ క్రోమోజోము మీదుంది.