ముసలి పిల్లికి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

మీ పిల్లికి 11 ఏళ్లు, ఇప్పుడు ఇన్సూరెన్స్ తీసుకుంటే ఉపయోగమేనా అని కదా మీ ప్రశ్న. ఉపయోగపడొచ్చు, కానీ ప్రీమియం కంటే ముందు వయసు పరిమితి చూడండి, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఒక వయసు దాటిన పిల్లిని కొత్తగా చేర్చుకోవు.

అసలు చిక్కంతా పాత జబ్బుల దగ్గరే. ముసలి పిల్లులకు ఎక్కువగా వచ్చేవి కిడ్నీ సమస్య, థైరాయిడ్ ఎక్కువవడం, షుగర్, పళ్ల జబ్బులు. పాలసీకి ముందే వీటి లక్షణాలు డాక్టర్ రికార్డులో ఉంటే, పేరు పెట్టి నిర్ధారించకపోయినా సరే, క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. దాచిపెడదాం అనుకోకండి, క్లెయిమ్ అప్పుడు పాత రికార్డులు అడుగుతారు.

వీటిలో చాలావరకు ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన జబ్బులు కాబట్టి, ఒక జబ్బుకు ఏడాది మాత్రమే డబ్బిచ్చే పాలసీ నా దృష్టిలో దండగ. కంపెనీ ఇచ్చే డబ్బు పరిమితి ఏటా మళ్లీ మొదటికొచ్చే రకం ఖరీదెక్కువే అయినా అదే నయం. వయసు పెరిగేకొద్దీ బిల్లులో మీ వాటా శాతం పెంచే షరతు ఉందేమో, పళ్ల చికిత్స ఇస్తారో లేదో, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కుదరని మొదటి రోజులు) ఎన్ని రోజులో కూడా చూసుకోండి.

ఇప్పటికే కిడ్నీ సమస్య ఉంటే మాత్రం, ప్రీమియం కట్టే డబ్బేదో నెలనెలా విడిగా దాచుకోవడమే మేలు.