మాక్ ట్రయల్ క్యాంపుకి అమ్మాయిని పంపమంటారా?

పోయిన ఏడాది అమెరికా వచ్చిన ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తిచేసింది. పేరున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు వారాల మాక్ ట్రయల్ ప్రోగ్రామ్‌కి ఎంపికైందంటూ ఇంటికి ఉత్తరం వచ్చింది. మాక్ ట్రయల్ అంటే పిల్లలే లాయర్లుగా, సాక్షులుగా నడిపే ఉత్తుత్తి కోర్టు విచారణ. ఫీజు వేల డాలర్లలో ఉంది. "పిల్లని లాయర్ చేయాలని మాకు లేదండీ. పైగా దానికి ఇంకా ఇక్కడి యాస రాలేదు. నలుగురిలో చిన్నబుచ్చుకుంటుందేమోనని భయం" అన్నారు.

పంపమనే చెప్పాను. కానీ ఆ ఉత్తరాన్ని నమ్మి మాత్రం వద్దన్నాను. అలాంటి ఉత్తరాలు చాలామంది పిల్లలకి వెళ్తాయి. చాలాసార్లు క్యాంపస్ యూనివర్సిటీది, నడిపేది బయటి సంస్థ. అక్కడికి వెళ్ళినంత మాత్రాన ఆ కాలేజీలో సీటుకి దారి పడదు. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: నడిపేదెవరు? నేర్పేవాళ్ళు కోర్టులో వాదించినవాళ్ళేనా? చివరి రోజు ట్రయల్‌లో ప్రతి పిల్లకీ పాత్ర ఉంటుందా? ఫీజులో సాయం ఉందా? అన్నిటికంటే ముందు మీ స్కూల్లో మాక్ ట్రయల్ టీమ్ ఉందేమో కనుక్కోండి. చాలా రాష్ట్రాల్లో బార్ అసోసియేషన్ల (లాయర్ల సంఘాల) ఆధ్వర్యంలో స్కూళ్ళ మధ్య పోటీలు జరుగుతాయి. జాతీయ పోటీ 1984 నుంచి నడుస్తోంది. కోచ్‌లుగా వచ్చే లాయర్లలో చాలామంది ఉచితంగా నేర్పేవాళ్ళే.

ఇక యాస సంగతి. కోర్టంటే మన మనసులో మెదిలేది సినిమా కోర్టు: బల్ల గుద్దడం, గొంతు చించుకోవడం. పైగా మన దేశంలో క్రిమినల్ కేసులకి జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందం, లేదు. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారిని జ్యూరీ నిర్దోషి అన్న 1959 నాటి నానావతి కేసు తర్వాత అది క్రమంగా కనుమరుగైంది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి దానికి చోటే లేకుండా పోయింది. ఇక్కడ జ్యూరీలో కూర్చునేది మామూలు మనుషులు. వాళ్ళకి అర్థమయ్యేలా నిదానంగా, వరుసగా చెప్పగలిగితే చాలు. పోటీలో మార్కులు కూడా ఎంత బాగా వాదించారన్నదానికే. కేసు ఓడిన టీమ్ రౌండ్ గెలవడం మామూలే. భయపడే పిల్లని మొదట సాక్షి పాత్ర తీసుకోమనండి. మా అమ్మాయి అలాగే మొదలుపెట్టింది.

క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) వంతు వచ్చాక మా వంటింట్లోనే ప్రాక్టీస్ చేసింది. సాక్షిని నేను. మూడో అంతస్తు బాల్కనీ నుంచి, రాత్రిపూట, కళ్ళజోడు లేకుండా నిందితుణ్ణి చూశానని ఒప్పించింది. అక్కడ ఆపాల్సింది. ఆపకుండా "మరి అతనే అని ఎలా గుర్తుపట్టారు?" అంది. "పదేళ్ళుగా చూస్తున్నాను, ఆ కుంటి నడక ఇంకెవరిదీ కాదు" అన్నాను. అది కేసు కాగితాల్లోని సాక్షి వాంగ్మూలం నాలుగో పేజీలోనే ఉంది, తను చదవలేదు. ఏమీ మాట్లాడకుండా కాగితాలు ముందేసుకుని మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివింది. క్రాస్‌లో జవాబు తెలియని ప్రశ్న అడగకూడదని కోచ్ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ రాత్రి ఎక్కింది. కేసు కాగితాల్లో లేని ముఖ్యమైన సంగతిని కల్పించి చెప్పకూడదు కాబట్టి, చదివినవాళ్ళదే పైచేయి.

ఇంకో సంగతి. ఒకే కేసుని ఒకసారి ప్రాసిక్యూషన్ తరఫున, ఇంకోసారి డిఫెన్స్ తరఫున వాదించాలి. పొద్దున నిందితుణ్ణి దోషి అని నిరూపించడానికి కష్టపడిన పిల్లే మధ్యాహ్నం అతని పక్కన నిలబడుతుంది. పదిహేనేళ్ళ వయసులో ఇది నేర్పే చోటు ఇంకోటి నాకు తెలియదు.

హియర్‌సే (స్వయంగా చూడక, ఎవరో చెప్పగా విన్నమాట) అనే అభ్యంతరం మన పిల్లలకి తొందరగా అర్థమవుతుంది. మన భాషలో 'అట' ఉంది కదా! "వాడు వచ్చాడు", "వాడు వచ్చాడట". ఆ రెండో మాటనే కోర్టు మామూలుగా ఒప్పుకోదు, మినహాయింపులు ఉన్నాయనుకోండి. ఇంటికొచ్చాక మన మాటల్లోని 'అట'లని కూడా పట్టుకుంటారు. "నాన్నా, నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అంటారు. ఎదురు మాట్లాడుతోందని కోప్పడకండి. చూశారో లేదో నిజం చెప్పండి.

లాయర్ అవుతుందేమోనన్న టెన్షన్ ఇప్పుడే అక్కర్లేదు. ఇక్కడ లా చదవాలంటే మామూలుగా ముందు ఏదో ఒక నాలుగేళ్ళ డిగ్రీ ఉండాలి, ఆపైన మూడేళ్ళ కోర్సు. కావలసినంత టైముంది.

జ్యూరీలో కూర్చోవాలంటే పౌరసత్వం కావాలి గానీ, చూడ్డానికి అక్కర్లేదు. కోర్టులో విచారణలు చాలావరకు అందరికీ తెరిచే ఉంటాయి, టికెట్ లేదు. ఫీజు కట్టేలోపు ఒక పూట అమ్మాయిని మీ కౌంటీ కోర్టుకి తీసుకెళ్ళండి. ఫోన్లు లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని, వెనక బెంచీలో కూర్చోండి. బయటికొచ్చేటప్పుడు తను ఎవరి గురించి మాట్లాడుతుందో గమనించండి: లాయర్ గురించా, సాక్షి గురించా, నిందితుడి గురించా. ఏ ప్రోగ్రామ్‌కి పంపాలో అప్పుడు తననే అడగండి.