హార్బర్ మాట దాచొద్దు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా నాయన 1968లో మిలిటరీలో చేరి, 1971 యుద్ధం చూసి, 1977లో ఇంటికొచ్చేసినారు. 1979 నుంచి 2009లో రిటైరయ్యేదాకా మద్రాసు హార్బర్‌లో మూటలు దించే పని. నెలకు రెండుసార్లు ఇంటికొచ్చేవారు. పోయినేడు కన్నుమూశారు. ఏడాది దగ్గరపడుతోంది, మా అన్న చిన్న పుస్తకం అచ్చేసి బంధువులకు పంచుతానంటున్నాడు. నిండా యుద్ధమే, నాయన ఎప్పుడూ చెప్పని వీరగాథలతో సహా. హార్బర్ ఊసెత్తొద్దంటాడు, పిల్లలకు సంబంధాలు చూస్తున్నామట. నన్నేమో ‘ఇల్లే ప్రాణంగా బతికిన నాయన’ అని రెండు పేజీలు రాయమన్నాడు. కలం కదలడంలేదు. మా చిన్నప్పుడు ఆయన ఇంట్లో ఎక్కడున్నారని? ఇట్లా అనుకోవడం పాపమా?

జవాబు: పాపం కాదమ్మా. నాయన కోసం ఎదురుచూసిన పిల్ల అడుగుతున్న ప్రశ్న అది. ఇన్నేళ్లకు దానికి నోరొచ్చింది. ఏడాది నాడు కన్నీళ్లతోపాటు కోపం కూడా వస్తే రానివ్వండి. మనకేమీ కాని మనిషి మీద ఇంత కోపం నిలవదు.

ముందు మీ అన్న సంగతి. ఆయన్ను తప్పుపట్టలేను. 1971 విజయానికి యాభై ఏళ్లవుతున్న సందర్భంగా, ఢిల్లీలో వెలిగించి సైన్యం దేశమంతా తిప్పిన విజయజ్యోతి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చింది. ఆ యుద్ధంలో మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారిని ఇంటికి వెళ్లి సత్కరించారు. అది చూసిన ఏ సిపాయి కొడుక్కైనా మా నాయన కూడా అక్కడ ఉన్నవాడే కదా అనిపిస్తుంది. ఆ ఆశ న్యాయమైనదే. లేనిది కలపడం మాత్రం న్యాయం కాదు. డిసెంబరు 3 నుంచి 16 దాకా సాగిన ఆ యుద్ధంలో తుపాకి పట్టినవాళ్లతోపాటు లారీలు నడిపినవాళ్లు, వంతెనలు వేసినవాళ్లు, వైర్లు లాగినవాళ్లు, వంట చేసినవాళ్లు కూడా సైనికులే. పెట్టె తెరిచి డిశ్చార్జి బుక్ తీయండి. యూనిట్, చేసిన పని, నంబరు అందులో ఉంటాయి. పెట్టెలో యుద్ధ పతకం ఉంటే, అది పశ్చిమీ స్టార్ అయితే పడమటి సరిహద్దు, పూర్వీ స్టార్ అయితే బంగ్లాదేశ్ వైపు. అర్థంకానిది చిత్తూరులోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్కడ దొరికింది రాస్తే చాలు. ఆయన నోరు విప్పి చెప్పని వీరగాథను ఆయన పోయాక మనం అంటగట్టకూడదు.

ఇక హార్బర్. నా మనసు అక్కడే ఆగిపోయింది. మిలిటరీలో తొమ్మిదేళ్లు ఉంటే, హార్బర్‌లో ముప్ఫై ఏళ్లు ఉన్నారు. ఆ ముప్ఫై తీసేస్తే పుస్తకంలో మిగిలేది యూనిఫాం ఫోటో. ఓడ కడుపులోకి దిగి, కొక్కెంతో బస్తాను లాగి, క్రేను వలలోకి సర్దడమంటే ఏమిటో మనవళ్లకు చెప్పండి. ఆ రోజుల్లో చక్కెర బస్తా ఒక్కోటి నూరు కిలోలు. యూరియా ఓడ వస్తే ఆ పొడికి కళ్లు మండేవి, చేతుల పగుళ్లు చురచురలాడేవి. పగలూ రాత్రీ షిఫ్టులు. 1983లో మద్రాసులో కంటైనర్ టెర్మినల్ వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. కూలీల గ్యాంగు మొత్తం రోజుల తరబడి దించే సరుకు, కంటైనర్లనే పెద్ద ఇనప పెట్టెల్లో పెట్టెలకు పెట్టెలుగా క్రేనుకెక్కింది. చేరిన నాలుగేళ్లకే పని ఉంటుందో పోతుందో అనే దిగులు ఆయన్ను పట్టుకుని ఉంటుంది. ఆ దిగులు ఇంటిదాకా తెచ్చారా? మీకు గుర్తుందా? అమ్మకు తెలిసి ఉండొచ్చు.

సంబంధాల భయం గురించి ఒక్క మాట. తాత మూటలు మోశాడని వెనక్కిపోయే సంబంధం ఇప్పుడే పోతే మేలు. ఆ మూటల డబ్బుతోనే కదా మీరిద్దరూ చదివారు. ఈ మాట అన్నతో పదిమందిలో అనకండి. నాయన ఫోటో ముందు ఒక్కడే కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని చెప్పండి. కూలీ కొడుకని బళ్లో ఎవరైనా ఎగతాళి చేశారేమో, మీకు తెలియని దెబ్బ ఏదో తగిలి ఉండొచ్చు. వినండి.

మీ రెండు పేజీలకు ‘ఇల్లే ప్రాణంగా బతికిన నాయన’ అనే మాట పక్కన పెట్టండి. అది ఎవరి నాయనకైనా అతుకుతుంది. ఆయన ఇంట్లో లేరనే మొదలుపెట్టండి. బడి వార్షికోత్సవానికి రాలేదు, నాకు జ్వరమొచ్చిన రాత్రి లేడు అని రాయండి. ఆ రాత్రి ఆయన ఏ ఓడలో ఉన్నాడో ఆ పక్కనే రాయండి. ఈ రెండూ ఒకే పేజీలో ఉండాలి. ఒకటి రాసి ఒకటి దాస్తే మీ కలం మళ్లీ ఆగిపోతుంది.

ఒక విషయం నన్ను కలవరపెడుతోంది. ఉత్తరం మొత్తంలో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నెలకు ఇరవై ఎనిమిది రోజులు ఒంటరిగా ఇల్లు ఈదింది ఆమె. పుస్తకం ప్రెస్సుకు పోకముందే ఒక మధ్యాహ్నం ఆమె దగ్గర కూర్చోండి. నాయన ఎలాంటివాడని అడక్కండి, మంచోడని చెప్పి ఊరుకుంటుంది. మద్రాసు బస్సు దిగి వచ్చాక మొదట నీళ్లు అడిగేవాడా, పిల్లలు నిద్రపోయారా అని అడిగేవాడా, సంచిలోంచి ముందు ఏం తీసేవాడు అని అడగండి. ఆయనతో గ్యాంగులో చేసినవాళ్లు ఎవరైనా బతికుంటే ఏడాదికి పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. అన్నకు ఇష్టమైతే ఆ పతకాన్ని, ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ కొక్కేన్ని, ఫోటో ముందు పక్కపక్కన పెట్టండి.