నాలుగు గంటల ఆకలి

చిరంజీవి అమ్మలూ,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలి ఆగదమ్మమ్మా, బిస్కెట్లు, చిప్స్, ఏది దొరికితే అది తినేస్తున్నాను, నాకు నిగ్రహం లేదు" అని బాధపడ్డావు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నంలోకి బంగాళాదుంప వేపుడు, పలచటి చారు అన్నావు. ఇంత తిన్నా అందులో మాంసకృత్తులు, అదే మీరనే ప్రొటీన్లు, గుప్పెడు లేవు తల్లీ.

నాకూ నలభై దాటాక ఇదే అవస్థ. మన డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలూ వరే కదా, కంచంలోనూ గుట్టగా అన్నమే. కడుపు నిండేది, రెండు గంటలు గడిచేసరికి చెయ్యి జంతికల డబ్బాలో ఉండేది. షుగర్ అంచుల్లో ఉందని తెలిశాకే తిండి మీద శ్రద్ధ పెట్టాను.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు. మాంసకృత్తులు పేగుల్లోకి చేరగానే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు పెరిగి, ఇక చాలని మెదడుకి కబురు పెడతాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ తగ్గుతుంది. ఇప్పుడు బరువు తగ్గడానికి వేయించుకుంటున్న ఇంజెక్షన్లు పనిచేసేది కూడా ఆ జీఎల్‌పీ-1 దారిలోనే. మాంసకృత్తుల వాటా తక్కువైన తిండి తింటే ఆ కొరత తీరేదాకా ఒళ్ళు ఇంకా ఇంకా అడుగుతుందని సింప్సన్, రౌబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు 2005లో ప్రతిపాదించారు. నీ నాలుగు గంటల ఆకలి నాకు అలాగే కనిపిస్తోంది.

హైదరాబాద్‌లో మీకు దగ్గర్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నీ 55 కిలోలకి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. వండిన అన్నం వంద గ్రాములు తిన్నా మూడు గ్రాములు రావు. ఇక నువ్వే చూసుకో.

పొద్దున్నే మొదలుపెట్టు. రాత్రి పొట్టు పెసలు నానబోసి, ఉదయం గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే పిండి పులియబెట్టే పనే లేదు, పెసరట్టు తయారు. యాభై గ్రాముల పెసలకి పన్నెండు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. లోపల ఉప్మా పెట్టడం ఆదివారానికి ఉంచుకో.

మధ్యాహ్నం పప్పు గట్టిగా వండు. పప్పుచారులో తేలే నాలుగు బద్దల్ని లెక్కలోకి తీసుకోకు. అన్నం మానమని నేను చచ్చినా చెప్పను. మాంసకృత్తుల్ని కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది, రెండూ కలిస్తేనే బలం. కాకపోతే ముందు పప్పు, కూర, పెరుగు కంచంలో వడ్డించుకుని, మిగిలిన చోటే అన్నం పెట్టుకో.

వారానికి రెండు మూడుసార్లు చేప తిను. భీమవరం, ఆకివీడు చెరువుల శీలావతి, బొచ్చె లారీలెక్కి దేశమంతా పోతున్నాయి, నీకు దొరకవా? పులుసు పెట్టుకో, నూనెలో మునిగే వేపుడు వద్దు. కార్తీక మాసంలో నీచు మానేస్తావుగా, అప్పుడు ఉడికించిన సెనగలు, వేరుశెనగలు, పెరుగు పెంచు. డబ్బా పొడులకి డబ్బు పోయకు, నీ వయసుకి వాటి అవసరం లేదు.

మీ తాతయ్యకి మాత్రం ఇవన్నీ పెట్టడం లేదు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

శనివారం బస్సులో మీ మామయ్య వస్తున్నాడు. అయిదు కిలోల పొట్టు పెసలు, రెండు కిలోల మినుములు పంపుతున్నాను, మన వరిచేల్లో కోత తర్వాత పండినవే. డబ్బాలో పోసే ముందు ఒక పూట ఎండలో పెట్టు, పురుగు పట్టదు.

మీ అమ్మమ్మ