కడుపుతో ఉన్నప్పుడు కాదు, కాన్పయ్యాకే భయపడండి

ఐదో నెల, లాంగ్ క్యూటీ (గుండె లయ ఉన్నట్టుండి తప్పే, వంశంలో వచ్చే జబ్బు) ఉంది, దానికి వేసుకునే ప్రొప్రనలాల్ మాత్ర వల్ల బిడ్డ బరువు తగ్గుతుందని అత్తగారు ఆపేయమంటున్నారు, ఏం చేయను అని ఒకరు అడిగారు. గుండె డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. బరువు సంగతి స్కానింగుల్లో చూస్తూనే ఉంటారు. మావాడు రెండున్నర కిలోలతో పుట్టాడు, ఇప్పుడు ఎత్తుకుంటే నడుం పడిపోతోంది.

కడుపుతో ఉన్నన్నాళ్లూ నాకేమీ కాలేదు. మన జబ్బుకు అసలు గండం కాన్పు తర్వాతి తొమ్మిది నెలలు, అందులోనూ నాలాంటి రెండో రకం లాంగ్ క్యూటీ వాళ్లకి. ఉన్నట్టుండి అలారమో ఫోనో మోగితే చాలు, గుండె లయ తప్పొచ్చు.

పుట్టింట్లో పద్నాలుగో రోజు. మాత్ర పాలల్లోకి దిగుతుందని అమ్మమ్మ అంటే, బుద్ధి లేక రెండు రోజులు మానేశాను. పాలల్లోకి వెళ్లేది చాలా కొంచెమే, పాలివ్వొచ్చని డాక్టర్ ముందే చెప్పారు కూడా. రాత్రంతా బాబు జాగారం చేయించాడు. తెల్లవారుజామున అప్పుడే కన్నంటుకుంది, పాలబ్బాయి బెల్ నొక్కాడు. మాది పిట్ట కూత బెల్, ఇల్లు అదిరిపోతుంది. లేచి కూర్చోవడం గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, పెదవి చిట్లింది, అమ్మ నా గుప్పిట్లో తాళంచెవుల గుత్తి కుక్కుతోంది. ఫిట్స్ అనుకుని!

మా పిన్నికీ ఇదే వైద్యం. పదేళ్లు మూర్ఛ మందులు మింగించారు, ఒక్కరూ ఈసీజీ తీయలేదు. రెండో కాన్పయిన మూడో నెలలో నిద్రలోనే పోయింది. నన్నడిగితే, ఈసీజీ తీయకుండా మూర్ఛ అని రాసేవాళ్ల పట్టా వెనక్కి తీసుకోవాలి.

ఇంకోటి. వాంతులకు అందరికీ రాసే ఆన్‌డాన్‌సెట్రాన్, పాలు పడటానికిచ్చే డాంపెరిడోన్, గొంతు నొప్పంటే మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే అజిత్రోమైసిన్ మనకి పడవు. చీటీ రాసి ఫోన్ కవర్లో పెట్టుకోండి. వాంతులు ఎక్కువైతే పొటాషియం పరీక్ష చేయించుకోండి, అది తగ్గినా ప్రమాదమే. పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం కాబట్టి పుట్టగానే బిడ్డకీ ఈసీజీ తీయించండి. మావాడికీ ఉంది, వాడికీ మందు పోస్తున్నాం.

ఆ రోజు ఆస్పత్రి నుంచి రాగానే నాన్న స్టూలెక్కి బెల్ ఊడబీకేశారు. గోడకి ఇప్పటికీ రెండు వైర్లు వేలాడుతుంటాయి. పాలబ్బాయి గేటు దగ్గరే నిలబడి "అమ్మా, పాలు" అంటాడు, గుళ్లో మాట్లాడినట్టు.