ధర తక్కువైనా కాంట్రాక్టు రాలేదు: అమెరికా ఫెడరల్ ఐటీ సేవల బిడ్‌పై అభ్యంతరం

మీ కోట్ అందరికన్నా తక్కువైనా కాంట్రాక్టు వేరొకరికి వెళ్లిందంటే, ఆ సొలిసిటేషన్ (ఏజెన్సీ బిడ్లు కోరుతూ ఇచ్చిన పత్రం) బహుశా "బెస్ట్ వాల్యూ" పద్ధతిలో ఉంది. సాంకేతిక మెరుగు కోసం ఏజెన్సీ ఎక్కువ ధర చెల్లించడానికి అది వీలు కల్పిస్తుంది. కాబట్టి ధర ఒక్కదాని మీదే వాదన నిలబెట్టకండి.

చాలామంది వదిలేసే మెట్టు డీబ్రీఫింగ్, అంటే మీ బిడ్ ఎందుకు గెలవలేదో ఏజెన్సీ ఇచ్చే వివరణ. కాంట్రాక్టు రాలేదన్న నోటీసు అందిన 3 రోజుల్లోపు దాన్ని రాతపూర్వకంగా కోరాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. గడువు దాటాక ఏజెన్సీ వివరణ ఇచ్చినా అది తప్పనిసరి డీబ్రీఫింగ్ కాదు, దానివల్ల అభ్యంతరం దాఖలు చేసే మీ గడువులు పెరగవు. కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కు మీరు పంపిన ఈమెయిల్‌లో ఈ కోరిక స్పష్టంగా ఉందో లేదో ఈరోజే చూడండి.

1. సొలిసిటేషన్‌లో మూల్యాంకన ప్రమాణాలు ఉండే సెక్షన్ ఎం ముందు పెట్టుకొని, మూల్యాంకనంలో మీకు "వీక్‌నెస్" (లోపం) అని రాసిన ప్రతి వాక్యం అందులోని ఏ ప్రమాణానికి చెందుతుందో గుర్తించండి. చెప్పని ప్రమాణం వాడటం, అదే లోపాన్ని పోటీదారు విషయంలో వదిలేయడం బలమైన వాదనలు. మూల్యాంకనం మీకు నచ్చలేదన్నది, ఇలాంటి అభ్యంతరాలను విచారించే ఫెడరల్ సంస్థ జీఏఓకు చాలదు.

2. ఆ పొరపాటు జరగకపోతే కాంట్రాక్టు మీకు దక్కే అవకాశం గట్టిగా ఉండేదని చూపండి.

3. కాంట్రాక్టు ఇచ్చిన 10 రోజుల్లో, లేదా డీబ్రీఫింగ్‌కు ఇచ్చిన తేదీ నుంచి 5 రోజుల్లో, ఏది తరువాతైతే ఆలోపు మీ అభ్యంతరం గురించి జీఏఓ సమాచారం ఏజెన్సీకి చేరితేనే, గెలిచిన సంస్థ పని సాధారణంగా ఆగుతుంది. చేరవలసింది మీ ఫిర్యాదు కాదు, జీఏఓ కబురు. దానికి ఒక రోజు పట్టవచ్చు గనుక ఆఖరి రోజు దాకా ఆగకండి.