హైబ్రిడ్ టమాటా గింజలు దాచి, ఎండను తట్టుకునే సేంద్రియ రకం తయారుచేయవచ్చా?

చేయవచ్చు, కానీ రకం నిలకడగా రావడానికి ఆరేడు తరాలు పడుతుంది. టమాటాలో స్వపరాగ సంపర్కమే (పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టడం) ఎక్కువ. అందువల్ల హైబ్రిడ్ తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల కలగాపులగం తరానికి సగం చొప్పున తగ్గుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వారి అర్క రక్షక్ హైబ్రిడ్ కాయల గింజలు వేస్తే మొక్కకో తీరు. తెగుళ్లను తట్టుకునే గుణమూ అన్నిటికీ రాదు.

పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి పూత రాలుతుంది. అందుకే కనీసం 100 మొక్కలు వేసవిలోనే, పశువుల ఎరువు మీదే పెంచండి (యూరియా వేసిన మడిలో ఎంపిక దండగ). ఆ ఎండలోనూ గుత్తికి నాలుగైదు పిందెలు నిలబెట్టిన మొక్కలకు గుడ్డపేలిక కట్టి, విత్తనం మొక్కవారీగా దాచండి. ఒక్క పెద్ద కాయ చూసి మోసపోవద్దు, మొత్తం చెట్టును చూడాలి.

హైబ్రిడ్ గింజ మళ్లీ మొలవదన్నది అపోహ. చక్కగా మొలుస్తుంది, తల్లిలా ఉండదు, అంతే.